రెండు రాడ్ల హీటరు రెండు గంటలు వెలిగినా గది వేడెక్కడం లేదు: లోపం హీటరుదా, మా ఇంటిదా?

పెన్నఒడ్డు
మాది తాడిపత్రి. మా అమ్మకు 76 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి ఎంత వద్దన్నా వినకుండా తెల్లవారుజామున 4:30కే లేచి, స్నానం చేసి, పడసాలలో దేవుని పటాల ముందు కూర్చుంటోంది. నేల నిండా నున్నగా సానపట్టిన నల్లబండలు. వాటి మీద అడుగు పెడితే నాకే పాదాలు జివ్వుమంటాయి, ఆమె సంగతి చెప్పనక్కరలేదు. అందుకని వారం క్రితం 800 వాట్ల రెండు రాడ్ల హీటరు తెచ్చాను. పది నిమిషాల్లో గదంతా వెచ్చబడుతుందని అంగడివాళ్ళు గట్టిగా చెప్పారు. మా పడసాల 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. గోడకు తగిలించిన థర్మామీటరులో హీటరు వేయకముందు 18 డిగ్రీలు ఉంటే, రెండు గంటల తర్వాత 19 చూపించింది. అమ్మేమో "మోకాళ్ళు కాలిపోతున్నాయి, వీపు మాత్రం వణుకుతోంది" అంటోంది. ఈ హీటరులో లోపం ఉన్నట్టా? తిరిగి ఇచ్చేసి ఆయిల్ నింపిన రేడియేటరు తెచ్చుకోమంటారా? 2000 వాట్ల బ్లోయరే మేలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. వాడుతున్నవాళ్ళు చెప్పండి.

రాగిసంగటి
లోపం ఉండకపోవచ్చు. మాది అనంతపురం, మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉంది. దాని ఎదురుగా కూర్చున్నంతసేపు హాయిగా ఉంటుంది, పక్కకు జరిగితే మళ్ళీ చలే. మూడేళ్ళుగా అంతే.

గండికోట_గాలి
తిరిగి ఇచ్చేయండి. ఆ ఎర్రటి రాడ్లు గదిలోని ప్రాణవాయువును తినేస్తాయి. మా మామగారు దాని ముందు గంట కూర్చుంటే తలనొప్పి వచ్చింది. పెద్దవాళ్ళున్న ఇంట్లో దానికంటే పాతకాలపు బొగ్గుల కుంపటి ఎంతో నయం. గది మూలలో పెట్టి తలుపులు మూస్తే తెల్లవార్లూ వెచ్చగా ఉంటుంది.

కందనవోలు_నర్సు
గండికోట_గాలి గారు చెప్పిన రెండు మాటలూ తలకిందులుగా ఉన్నాయి. చదివేవాళ్ళు ఈ రాత్రే అలా చేస్తారేమోనన్న భయంతో వెంటనే రాస్తున్నాను. కరెంటు హీటరులో ఏదీ మండదు. తీగ వేడెక్కి ఎర్రబడుతుంది, అంతే. మండనిది ప్రాణవాయువును ఖర్చు చేయదు. బొగ్గుల కుంపటి మాత్రం నిజంగానే మండుతుంది, గాలి చాలని చోట కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ మత్తు తెలియనే తెలియదు, అలాగే ప్రాణం పోతుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. పొగ రావడం లేదు కదా అని ధైర్యపడవద్దు, కణకణలాడే బొగ్గులు పొగ లేకుండానే ఆ విషవాయువును వదులుతాయి.

గండికోట_గాలి
మా ఊళ్ళో కుంపటి పెట్టుకోని ఇల్లు ఉండేది కాదు. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదే?

పాతమిద్దె
అప్పటి ఇళ్ళు వేరు. నేను పుట్టి పెరిగింది చౌడుమట్టి పరిచిన మిద్దెలో. మిద్దెకు గవాక్షి ఉండేది, తలుపు చెక్కల సందుల్లో నుంచి వేలు పట్టేంత వెలుతురు వచ్చేది, వంటపొగ పోవడానికి దారి ఉండేది. ఇప్పటి గదులకు అల్యూమినియం కిటికీలు, అద్దాలు, కింద రబ్బరు పట్టీ ఉన్న తలుపులు. ఆ కుంపటిని తెచ్చి ఈ గదిలో పెట్టకూడదు. నర్సు గారి మాటే సరైనది.

గండికోట_గాలి
గదులు మారాయన్న మాట నిజమే. కుంపటి గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. మామగారి తలనొప్పికి కారణం మరేదైనా కావచ్చు.

సైన్సు_అయ్యవారు
కడపలో భౌతికశాస్త్రం చెబుతాను. పెన్నఒడ్డు గారి థర్మామీటరు తప్పు చూపలేదు, హీటరూ తప్పు చేయలేదు. రాడ్ల హీటరు పని గాలిని వేడిచేయడం కాదు. దాని నుంచి వచ్చేది ఎక్కువగా పరారుణ కిరణం, అంటే 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిలో ఎరుపు రంగుకు అవతల కంటికి కనపడకుండా ఉందని థర్మామీటరుతో పట్టుకున్న అదే కిరణం. అది గాలిని దాటుకొని వచ్చి ఎదురుగా ఉన్న ఒంటికి, గుడ్డకు, గోడకు తగిలిన చోట వేడిగా మారుతుంది. చలికాలం పొద్దున ఎండలో నిలబడితే ముఖం వెచ్చగా, నీడలో ఉన్న వీపు చల్లగా ఉండడం లేదా? అమ్మగారు చెప్పింది అచ్చంగా అదే.

ఇక గది ఎందుకు వేడెక్కదో ఒక లెక్క చెబుతాను. పై కప్పు 10 అడుగుల ఎత్తు అనుకుంటే ఆ పడసాలలో ఉన్న గాలి బరువు 60 కిలోల లోపే. ఒక్క గాలినే ఒక డిగ్రీ పెంచాలంటే 800 వాట్ల హీటరుకు నిమిషంన్నర కూడా పట్టదు. కానీ ఆ గాలి చుట్టూ ఏముంది? 5 అంగుళాల మందం ఉన్న స్లాబు ఒక్కటే 4,600 కిలోలకు పైగా తూగుతుంది. దాన్ని ఒక డిగ్రీ పెంచడానికే యూనిట్‌కు పైగా కరెంటు కావాలి, అంటే మీ హీటరు దాదాపు గంటన్నర వెలగాలి. గోడలు, నేల బండలు దీనికి అదనం. పైగా రాత్రంతా ఆ స్లాబు ఆకాశానికి వేడిని వదులుతూనే ఉంటుంది. మన ఇళ్ళన్నీ ఎండాకాలాన్ని తట్టుకోవడానికి కట్టినవి, వేడిని నిలబెట్టుకోవడానికి కాదు. అందువల్ల గదిని కాచుకోవాలనే ఆలోచన వదిలి మనిషిని కాచుకోవడం ఎలా అని చూస్తే ఈ హీటరే సరైనది.

పెన్నఒడ్డు
ఎండ, నీడ అన్న మాటతో నాకు విషయం అర్థమైంది, అమ్మకూ చదివి వినిపించాను. మరి అంగడివాళ్ళు 800 వాట్లని చెప్పింది నిజమేనని తెలుసుకునే దారి ఉందా? ఒక రాడ్డు కాస్త మసకగా వెలుగుతున్నట్టు అనిపిస్తోంది.

తీగలపని
కర్నూలు. ముప్పై ఏళ్ళు ఇళ్ళకు వైరింగు చేశాను. మీ మీటరు మీద చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది, పక్కన 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ కాలడానికి ఆ దీపం అన్నిసార్లు మిణుకుమంటుందని దాని అర్థం. ఇంట్లో ఫ్రిజ్జుతో సహా అన్నీ ఆపి, హీటరు ఒక్కటే వేసి, నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టండి. 3200 మీటరైతే 800 వాట్లకు నిమిషానికి 43 దరిదాపుల్లో రావాలి. సగమే వస్తే ఒక రాడ్డు పనిచేయడం లేదని తెలుసుకోండి.

బేతంచెర్ల_బండ
మా నాన్నగారు గనిలో బండలు తీసేవారు కాబట్టి నేల గురించి ఒక మాట చెబుతాను. పెన్నఒడ్డు గారూ, మీ బండ, దాని మీద వేసిన చాప రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి కనుక రెండింటి చల్లదనమూ ఒకటే. అయినా బండ మీద కాలు పెడితే జివ్వుమంటుంది, చాప మీద అలా ఉండదు. బండ మన పాదంలోని వేడిని చరచరా లాగేసుకుంటుంది, చాప లాగదు. హీటరు ఎంత పెద్దదైనా సరే, అమ్మగారి పాదాలు బండను తాకుతున్నంతసేపు ఈ బాధ తీరదు. జంపఖానాను నాలుగు మడతలు వేసి కుర్చీ కింద పరచండి, దాని మీద చెక్కపీట వేసి కాళ్ళు పీట మీద పెట్టించండి. మా ఇంట్లో సగం చలి దానితోనే పోయింది.

పాతమిద్దె
వీపుకు నా మాట వినండి. కళ్యాణదుర్గం వైపు కురుబలు నేసే గొర్రె ఉన్ని కంబళి ఒకటి సంపాదించి కుర్చీకి వెనకవైపు నుంచి భుజాల మీదికి వచ్చేలా కప్పండి. కొత్తలో గరుకుగా గుచ్చుకుంటుంది, లోపల పాత నూలుచీర వేస్తే సరిపోతుంది. మా అవ్వ తొంభై ఏళ్ళ వయసులోనూ ఆ కంబళి కప్పుకొని తెల్లవారుజామున పాలు పితికేది. అసలు ఈ కంబళి ఉంటే హీటరే అక్కరలేదని నా అభిప్రాయం.

కందనవోలు_నర్సు
ఆ చివరి మాట ఒప్పుకోలేను. కంబళి ఒంట్లో ఉన్న వేడిని నిలబెడుతుంది. వయసు మళ్ళినవాళ్ళ ఒంట్లో పుట్టే వేడే తక్కువ. చన్నీళ్ళో గోరువెచ్చని నీళ్ళో పోసుకొని తడి జుట్టుతో వచ్చి కూర్చునే పెద్దావిడకు బయటి నుంచి కొంత వేడి అందాలి. రెండూ కావాలి.

పెన్నఒడ్డు గారు అమ్మగారికి చక్కెర వ్యాధి ఉందో లేదో రాయలేదు. ఉంటే చాలా జాగ్రత్త పడాలి. ఏళ్ళ తరబడి చక్కెర ఉన్నవాళ్ళలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, కాలుతున్నా తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది. రోజూ గంటల తరబడి దగ్గరగా కూర్చొని కాళ్ళు కాచుకుంటే పిక్కల మీద వలలాగా గోధుమరంగు గీతలు పడతాయి. అది మంట పుట్టించకపోవచ్చు, కానీ చర్మం దెబ్బతింటున్నదనడానికి గుర్తు. అలా కనిపిస్తే హీటరును దూరం జరపండి, డాక్టరుకు చూపించండి. మూడడుగుల కంటే దగ్గర వద్దు. స్నానం కాగానే పిక్కలకు కొబ్బరినూనె రాస్తే చర్మం పగలదు. మన వైపు చలికాలపు గాలే పొడిగా ఉంటుంది.

పెన్నఒడ్డు
చక్కెర ఉంది, పదకొండేళ్ళుగా మాత్రలు వాడుతోంది. నర్సు గారి మాట చదివాక వెళ్ళి చూస్తే హీటరు ఆమె కాళ్ళకు అడుగున్నర దూరంలో ఉంది. మోకాళ్ళకు తగలాలని ఆమే రోజూ కొంచెం కొంచెంగా ముందుకు లాక్కుంటోందట. ఇప్పుడు నేల మీద సుద్దముక్కతో గీత గీశాను, ఇది దాటించకూడదని చెప్పాను.

ప్రొద్దుటూరు_అమ్మాయి
నాకు నలభై రోజుల పాప. బాలింత గది వెచ్చగా ఉండాలని మా అత్తగారు ఇలాంటి హీటరునే ఉయ్యాల పక్కన పెట్టించారు. పాప ముఖం ఎర్రబడుతోంది. తీసేద్దామంటే నామీద కోప్పడుతున్నారు. ఏం చెప్పాలి?

కందనవోలు_నర్సు
అమ్మా, ముందు దాన్ని ఉయ్యాల పక్క నుంచి తీయించు. పసిపిల్ల పక్కకు జరగలేదు, కప్పిన గుడ్డ తీసుకోలేదు. పాపను గదిలోకి తేవడానికి ముందు అరగంట హీటరు వేసి, తర్వాత ఆపేయండి. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నంత మాత్రాన పాపకు చలేస్తున్నట్టు కాదు. మెడ వెనక, ఛాతీ మీద చేయి పెట్టి చూడు. చెమటగా ఉంటే వేడి ఎక్కువైందని, చల్లగా ఉంటే చాలలేదని అర్థం. పాపను నీ గుండెలకు ఆనించుకొని పైన దుప్పటి కప్పుకుంటే ఏ హీటరూ ఇవ్వని వెచ్చదనం అందుతుంది. అత్తయ్యగారికి ఎదురు చెప్పినట్టు కాకుండా, పాప మెడ మీద ఆవిడ చేయే పెట్టించి చూపించు.

ప్రొద్దుటూరు_అమ్మాయి
చూపించాను. చెమట తగలగానే ఆవిడే హీటరు తీగ ఊడదీశారు. చాలా కృతజ్ఞతలు అక్కా.

తీగలపని
ఇప్పుడు పెన్నఒడ్డు గారి తమ్ముడి బ్లోయరు సంగతి. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. ఫ్యాను, లైటు స్విచ్చుల పక్కన ఉండే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. ఆ పెద్ద పిన్నుల ప్లగ్గు అందులో పట్టదని చాలామంది మార్పిడి ప్లగ్గు కొని తగిలిస్తారు. నా ముప్పై ఏళ్ళలో చలికాలంలో నేను చూసిన కాలిపోయిన సాకెట్లలో ఎక్కువ భాగం ఆ పనివల్లే కాలాయి. ప్లగ్గు పట్టకపోవడం మనల్ని కాపాడటానికే. బ్లోయరుకు, ఆయిల్ రేడియేటరుకు 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి బోర్డు నుంచి విడిగా లాగిన లావు తీగ, పనిచేసే ఎర్తింగు ఉండాలి. మీ 800 వాట్ల హీటరు మూడున్నర ఆంపియర్లే తీసుకుంటుంది కాబట్టి చిన్న సాకెట్టు మోస్తుంది. అయినా ఎక్స్‌టెన్షను బాక్సుకు తగిలించవద్దు, గోడ సాకెట్టుకే నేరుగా పెట్టండి. అరగంట తర్వాత ప్లగ్గు మీద చేయి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల స్ప్రింగు వదులైందని అర్థం, సాకెట్టు మార్చాలి.

రాగిసంగటి
ఎక్స్‌టెన్షను బాక్సు గురించి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. తీగ పొడవుగా ఉందని చుట్ట చుట్టి మంచం కింద పెట్టాము. నలభై నిమిషాలకు చేపలు కుళ్ళిన వాసన లాంటిది వచ్చింది. ఎలుక చచ్చిందేమోనని మంచం జరిపితే, చుట్ట మధ్యలో తీగ పొర మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంది. మా ఆవిడ మెయిన్ ఆపకపోతే పరుపు అంటుకునేది. ఆ రోజు నుంచి హీటరున్న గదిలో చుట్ట చుట్టిన తీగ కనపడితే నాకు చేతులు వణుకుతాయి.

తీగలపని
ఆ వాసన వస్తే ఎలుకను వెతకవద్దు, ముందు మెయిన్ ఆపండి. ప్లాస్టిక్, సాకెట్టు లోపలి భాగాలు కాలేటప్పుడు సరిగ్గా అలాంటి వాసనే వస్తుంది. ఏడాదికోసారి బయటికి తీసిన హీటరు మొదటి ఐదు నిమిషాలు దుమ్ము మాడిన వాసన వేస్తుంది, వెనకున్న రేకు టిక్కు టిక్కుమని వ్యాకోచిస్తుంది. ఆ రెండూ మామూలే. చేపల వాసన మామూలు కాదు.

గండికోట_గాలి
కరెంటు పోతే ఇన్వర్టరు మీద వేసుకోవచ్చా? మా వైపు తెల్లవారుజామునే పోతుంది.

తీగలపని
వద్దు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 800 వాట్లు లాగితే 70 ఆంపియర్లకు పైగా పోతుంది. మామూలు ఇంటి ఇన్వర్టరు చాలావరకు మొరాయిస్తుంది. మొరాయించకపోయినా 150 ఏహెచ్ బ్యాటరీ గంట దాటి నిలవడం కష్టం, దాని ఆయుష్షూ తగ్గుతుంది. వేడినీళ్ళ రబ్బరు సంచీని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకోండి.

రాగిసంగటి
బిల్లు గురించి ఎవరూ మాట్లాడలేదు. 800 వాట్లు రోజుకు 5 గంటలు వాడితే 4 యూనిట్లు, నెలకు 120. మన స్లాబుల ప్రకారం 126 నుంచి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, ఆ పైన 400 వరకు 8.75. మామూలుగా 150 యూనిట్లు కాల్చే ఇల్లు 270కి చేరుతుంది. అంటే 75 యూనిట్లకు 450, మిగిలిన 45 యూనిట్లకు సుమారు 394. మొత్తం 844 రూపాయల దాకా అదనం, సర్దుబాటు ఛార్జీలు వేరే. అదే 2000 వాట్ల బ్లోయరు అన్ని గంటలూ ఆగకుండా తిరిగితే నెలకు 300 యూనిట్లు అదనం. తమ్ముడు గారు ఈ లెక్క వేసుకోవాలి.

సైన్సు_అయ్యవారు
బ్లోయరుకు అనుకూలంగా ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో, పిల్లలు బట్టలు మార్చుకునే పది నిమిషాలకు అది మంచిదే, ఎందుకంటే నేను చెప్పినట్టు గాలి త్వరగా వేడెక్కుతుంది. ఆయిల్ రేడియేటరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది, ఎర్రగా మెరవదు, పడకగదికి తగినది. పెన్నఒడ్డు గారిది వెంటిలేటర్లున్న పడసాల, ఒక్కరే ఒకే చోట గంటన్నర కూర్చుంటారు. అక్కడ ఆ రెండూ డబ్బు దండగే.

బేతంచెర్ల_బండ
మీ రాడ్డు వెనకున్న మెరుపు రేకును తుడిచారా? దుమ్ము పట్టిన రేకు కిరణాలను ముందుకు తోయదు, తానే వేడెక్కుతుంది. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, పొడిగుడ్డతో తుడవండి.

పెన్నఒడ్డు
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మా మీటరు 3200ది. తెల్లవారుజామున 5 గంటలకు లెక్కపెడితే నిమిషానికి 42 వచ్చింది, కాబట్టి హీటరు నిక్షేపంగా ఉంది. అయితే సాయంత్రం 7 గంటలకు మళ్ళీ లెక్కపెడితే 36 మాత్రమే వచ్చింది. రాడ్డు మసకగా కనిపించిందని నేను రాసింది కూడా సాయంత్రమే.

ఇప్పుడు జంపఖానా, దాని మీద పీట, కుర్చీకి కంబళి, సుద్దగీత అవతల కాస్త ఏటవాలుగా హీటరు. తుడిచిన రేకులో అమ్మ చీర అంచు ఎర్రగా కనిపిస్తోంది. థర్మామీటరు ఇంకా 19 దగ్గరే ఉంది. అమ్మ మాత్రం నిన్న పూజ మధ్యలో కంబళిని భుజం మీద నుంచి కిందికి జార్చుకుంది. ఇంతకాలానికి ఆమెకు ఉక్కపోయడం చూశాను. అయితే తడి తువ్వాలును హీటరు మీద ఆరేయబోతే పట్టుకున్నాను. అది మాన్పించడమే ఇప్పుడు నా పని.

తీగలపని
సాయంత్రం మీ వీధిలో వోల్టేజీ పడిపోతోంది. 230 ఉండాల్సింది 210 ఉంటే 800 వాట్ల హీటరు 670 దాకా దిగుతుంది, అందుకే 36. హీటరుకు నష్టం లేదు, వేడి తగ్గుతుంది, అంతే. ఆ తువ్వాలు విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గోడకు వేరే దండెం కట్టి చూపించండి. ఆరేయడానికి చోటుంటే హీటరు జోలికి పోరు. మీ హీటరును పక్కకు వంచితే దానంతటదే ఆరిపోతోందా? అడుగున చిన్న బొత్తాము ఉంటుంది, ఈ రాత్రే వంచి చూడండి.

పెన్నఒడ్డు
ఆరిపోతోంది. ఐఎస్ఐ గుర్తు కూడా ఉంది. దండెం రేపు కడతాను.

పాతమిద్దె
శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, అప్పుడు దాన్ని అటక మీదికి ఎక్కించే ముందు తీగను బిగించి చుట్టవద్దు, వదులుగా మడిచి అట్టపెట్టెలోనే పెట్టండి. మా ఇంట్లో ఒకసారి ఎలుకలు కొరికిన తీగను చూసుకోకుండా తగిలించబోయాము. వచ్చే మార్గశిరంలో దించినప్పుడు తీగ మొదలు నుంచి చివరి దాకా వేళ్ళతో తడిమి చూసుకొని ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి.